ఇల్లు కట్టినవాని జ్ఞాపకము

(కుటుంబ పాఠము)

చదువవలసిన లేఖన భాగములు: యిర్మీయా 22:13–17, ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 6:47–49, మార్కు 7:9–13, 1 తిమోతి 5:3–8.



గత సంవత్సరము వేసవిలో మా సంఘమునకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు మాయొద్దకు వచ్చి ఒక కాగితము చేతికిచ్చిరి. వారి తండ్రి తాపీ మేస్త్రి. జగ్గయ్యపేటకును నందిగామకును నడుమనున్న పల్లెలలో ముప్పది ఏండ్లకు పైగా ఇండ్లు కట్టినవాడు. ఆయన ప్రభువునందు నిద్రించి సంవత్సరము కావచ్చుచుండెను. సమాధిమీద నల్లరాతి పలక నిలుపదలచితిమనియు, దానిమీద చెక్కింపవలసిన మాటలు సరిచూచి ఇయ్యవలెననియు వారు కోరిరి. కాగితముమీద ఆయన పేరు క్రింద మూడు మాటలుండెను: ప్రియ భర్త, ప్రియ తండ్రి, గృహనిర్మాత. పలకతోబాటు తండ్రి జ్ఞాపకార్థము గుడికి మైకు సెట్టు కూడ ఇచ్చెదమని వారు చెప్పగా మేము సంతోషించితిమి.

ఆ మాటలలో తప్పేమియు లేదు. ఒత్తులు దిద్ది ఇచ్చివేసిన మా పని తీరిపోయియుండెడిది. కాని ఆ సాయంకాలము ఆయన భార్యను పలుకరింపవలెనని బయలుదేరితిమి. ఆయన కట్టుకొనిన ఇంట ఆమె లేదు. ఆ యింటికి నడుమ గోడ పెట్టుచుండిరి. పెద్దవాని యింటికి పోతిమి, అక్కడను లేదు. ఆ నెల చిన్నవాని వంతు అని చెప్పిరి. అక్కడ వసారాలో ఒక మంచము, మంచము క్రింద ఒక రేకు పెట్టె. ఆమె మాకు మంచినీళ్లిచ్చి, నవ్వుచునే ఇట్లనెను: "ఆయన ఊరందరికీ ఇళ్లు కట్టాడయ్యగారూ. నాకేమో నెలకో ఇల్లయ్యింది."

ఆ మాట వినిన తరువాత ఆ కాగితమును మరల విప్పుటకు మాకు మనస్సు రాలేదు. ఎందుకనగా సంవత్సరము క్రిందట భూస్థాపన దినమున ఆయన మంచితనమును గూర్చి సుమారు గంటసేపు మాటలాడినవారము మేమే. అటుతరువాత ఆమె ఎక్కడ పండుకొనుచున్నదో, మందులెవరు తెచ్చి ఇచ్చుచున్నారో మేము అడుగనేలేదు. కాబట్టి పలకమీద చెక్కకముందు ఈ మూడు మాటలకు భావమేమో లేఖనములలో వెదకుదమని ఆ కుటుంబమంతటిని కూర్చుండబెట్టి నాలుగు సాయంకాలములు చదివితిమి. వారి సమ్మతితోను, పేర్లు విడిచియు, ఆ పాఠమునే ఈ నెల మీ ముందుంచుచున్నాము.

మన ప్రాంతమున రెండు జ్ఞాపకములు

తండ్రిని జ్ఞాపకము చేసికొనుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. జగ్గయ్యపేట అను పేరే ఒక తండ్రి జ్ఞాపకము. పూర్వము ఆ ఊరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తన తండ్రియైన జగ్గయ్యగారి పేరిట అక్కడ పేటను నిలిపెను. ఇప్పుడు హైదరాబాదు–విజయవాడ రహదారిమీద పోవు ప్రతి బస్సువాడును ఆ తండ్రి పేరు కేకవేయుచున్నాడు. 2022లో ఈ మండలములు కృష్ణా జిల్లానుండి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరినను ఆ పేరు మారలేదు. ఇంతకంటె గొప్ప జ్ఞాపకము ఎవరు నిలుపగలరు?

అయితే ఆ కథలో రెండవ భాగము కూడ ఉన్నది. వెంకటాద్రి నాయుడుగారు 1816లో చనిపోయిరి. ఆయనకు ఇద్దరు దత్తపుత్రులు. వారి పక్షములకు నడుమ ఆస్తినిగూర్చి పుట్టిన తగాదా సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. 1846లో అక్కడ తీర్పు వచ్చెను. అనగా ఇంటి పెద్ద కన్నుమూసిన ముప్పది సంవత్సరములకు! తండ్రి పేరు ఊరికి నిలిచెను గాని, ఆ యింట సమాధానము నిలువలేదు. ఇది జమీందారులకు మాత్రమే కలుగు సంగతి అనుకొనకుడి. రెండు సెంట్ల స్థలమునుగూర్చి కోర్టు మెట్లెక్కిన అన్నదమ్ములను మనమెరుగుదుము.

రెండవ జ్ఞాపకము ఇంతకంటె చాల పాతది. జగ్గయ్యపేటయొద్ద ధనంబోడు అను దిబ్బ కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ అను పురావస్తు అధికారి అక్కడ త్రవ్వించగా బౌద్ధుల స్తూపమును, చెక్కిన పలకలును, శాసనములున్న స్తంభములును బయలుపడెను. ఆ కట్టడము మన విశ్వాసమునకు చేరినది కాదు. అయినను ఏథెన్సులో బలిపీఠముమీది వ్రాతను పౌలు చదివి దానినుండియే తన ప్రసంగము మొదలుపెట్టెను గదా (అపో. కార్యములు 17:23). మనము కూడ ఈ వ్రాతను చదువుట మంచిది.

ఇక్ష్వాకు వంశపు రాజైన వీరపురుషదత్తుని 20వ ఏట, అనగా సుమారు 1700 సంవత్సరముల క్రిందట, ఆ స్తంభములను నిలిపినవాడు రాజు కాడు, మంత్రి కాడు. అతడొక పనివాడు, శిల్పి, సిద్ధార్థుడను పేరుగలవాడు. అతని తండ్రి నాకచందుడును అదే పనివాడు. స్తూపమునకు తూర్పు ద్వారమున ఐదు స్తంభములు నిలిపి, వాటిమీద ప్రాకృత భాషలో సంగతి వ్రాయించెను. అందులో తన్నుగూర్చిన పొగడ్త ఒక్కటియు లేదు. ఉన్నదేమనగా ఇంటివారి పేర్లు. తల్లి నాగిలనిని ముందుంచుకొని, ఇల్లాలైన సముదనిని, కొడుకు మూలసిరిని, కూతురిని, సోదరుని, సోదరుని భార్యను, వారి బిడ్డలను, ఆడపిల్లను సహా పేరుపేరున చెప్పి, వీరందరితో కలిసి ఇది నిలిపితినని తెలిపెను.

ఒక సంగతి గమనింపుడి. ఆ వ్రాతలో తల్లి ముందున్నది. రాయి చెక్కు పనివానికి రాతిమీద ఒక్కొక్క అక్షరము ఎంత కష్టమో తెలియును. అయినను అతడు తన బిరుదులకు చోటు వెదకలేదు, తల్లికిని ఆడపిల్లలకును చోటిచ్చెను. ఇల్లు కట్టువాని మనస్సు ఎట్లుండవలెనో లేఖనములెరుగని ఆ మనుష్యుడు మనకు చూపుచుండగా, లేఖనములు చేతబట్టుకొనిన మనము ఏమి చెప్పుదుము?

వీటికి భిన్నముగా అబ్షాలోమును చూడుడి. తన పేరు నిలుపుటకు కుమారుడు లేడని, బ్రదికియుండగనే రాజుల లోయలో తనకొరకు తానే స్తంభము నిలుపుకొనెను (2 సమూయేలు 18:18). తండ్రికి ఎదురుతిరిగిన కుమారునికి రాయి మిగిలెను. కన్నీరు మాత్రము ఆ తండ్రియే కార్చెను.

1. గృహనిర్మాత

ముందుగా మూడవ మాటను చూతము. ఇల్లు కట్టుట అనగానేమో ఆ మేస్త్రిగారి పనినిబట్టి మేము నేర్చుకొనిన మూడు సంగతులున్నవి.

మొదటిది, పునాది. మన మెట్ట పొలములలో చాలవరకు నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు బీటలిచ్చును. దానిమీద పైపైన గోడ లేపినయెడల రెండు వేసవులకే మూలమూలకు నెఱ్ఱెలు పారును. ఆయన ఎవరి ఇల్లైనను రేగడి దాటి గట్టినేల తగులువరకు త్రవ్వించెడివాడు. ఇంటివారు ఖర్చు ఎక్కువగుచున్నదని గొణిగిన, "కనపడే గోడకి మీరు డబ్బిస్తారు, కనపడనిదానికి నేను జవాబు చెప్పాలి" అనెడివాడు. లూకా సువార్తలో ప్రభువు చెప్పిన ఉపమానమునందు ఒక మాటను మనము తొందరగా దాటిపోవుచున్నాము. బుద్ధిమంతుడు బండమీద ఇల్లు కట్టెనని మాత్రమే గాక, అతడు లోతుగా త్రవ్వెనని కూడ అక్కడ ఉన్నది (6:48). బండ పైకి కనబడలేదు. త్రవ్వితేగాని దొరకలేదు. ప్రభువు మాట వినుట సులభము. దాని ప్రకారము చేయుటయే త్రవ్వుట.

రెండవది, పిట్టగోడ. ఇశ్రాయేలీయులు ఇంక అరణ్యములో డేరాలలో ఉండగనే, రాబోవు దినములలో కట్టబోవు ఇండ్లనుగూర్చి దేవుడు ఒక ఆజ్ఞ ఇచ్చెను: క్రొత్త ఇల్లు కట్టినప్పుడు పైకప్పుచుట్టు పిట్టగోడ కట్టవలెను, లేనియెడల ఎవడైన పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును (ద్వితీయోపదేశకాండము 22:8). ఇల్లు ఎంత ఎత్తు, ఎంత అందము అని ఆ ఆజ్ఞలో లేదు. ఎవరును పడకూడదు, అంతే. డాబామీద గింజలు ఎండబోసికొను ముసలమ్మ, గాలిపటమెగురవేయు పిల్లవాడు, చుట్టమై వచ్చినవాడు, వీరి ప్రాణము ఇంటివాని లెక్కలో ఉండవలెను. కాబట్టి ఇంటి గొప్పతనమును కొలుచుటకు దేవుడు పెట్టిన కొల ఇది: ఆ యింటి బలహీనులు అక్కడ క్షేమముగా ఉన్నారా?

మూడవది, కూలి. యూదా రాజైన యెహోయాకీము విశాలమైన మేడ కట్టించి, కిటికీలు తీయించి, దేవదారు పలకలు వేయించి, ఎఱ్ఱని రంగు పూయించెను. కాని పనిచేసినవారికి జీతమియ్యలేదు. యిర్మీయా ఆ మేడ ఎదుట శ్రమ ప్రకటించెను (22:13,14). మన మేస్త్రిగారు శనివారము దీపములు పెట్టకమునుపే తన క్రింద పనిచేసిన కూలీలకు డబ్బు పంచెడివాడు. ఇల్లుగలవాడు బాకీపెట్టిన వారములలో తన చేతినుండి ఇచ్చి, తాను అప్పుపడెడివాడు. ఈ సంగతి మాకు కుమారులు చెప్పలేదు. భూస్థాపన దినమున గోతియొద్ద నిలిచి ఏడ్చిన ఇటుకలు మోయు స్త్రీలు చెప్పిరి.

2. ప్రియ భర్త

ఆయన సొంత ఇల్లు ఒక్కసారి లేచినది కాదు. మొదట తాటాకు పాక. తరువాత పెంకుటిల్లు. పెద్దబిడ్డ పెండ్లినాటికి రెండు గదుల డాబా. ఆ సంవత్సరములన్నిటిలో ఆయన భార్య ఆయనతో కూడ పనికి పోయి, మాలు కలిపి, ఇటుకలు మోసినది. ఇంటి ప్రతిష్ఠ కూడికలో పదిమంది ఆయనను మెచ్చుకొనగా, ఆయన లేచి, "ఇందులో సగం ఇటుకలు దాని నెత్తిమీద ఎక్కినవే" అని కూర్చుండెను. అది మేము వినిన ఆయన ప్రసంగమంతయు. భార్యను జీవమను కృపావరములో పాలివారిగా ఎంచి సన్మానింపవలెనని పేతురు భర్తలకు వ్రాసెను; అట్లు చేయనియెడల వారి ప్రార్థనలకే అడ్డము కలుగునని హెచ్చరించెను (1 పేతురు 3:7). పాలివారు అను మాట చాల గట్టిది. పాలివారనగా వాటా గలవారు.

ఇచ్చట మన సంఘములలో చాలమందికి తెలియని సంగతి యొకటి చెప్పవలసియున్నది. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, భర్త వీలునామా వ్రాయక చనిపోయి, బిడ్డలున్నయెడల, అతని ఆస్తిలో మూడవ వంతు భార్యకు చెందును. మిగిలిన రెండు వంతులు కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందును. కాబట్టి తల్లి కుమారుల ఇండ్లకు దయతలచి పిలువబడిన అతిథి కాదు. ఆ యింటిలో ఆమెకు సొంత వాటా కలదు. మరియు వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యతయని 2007లో ఇంకొక చట్టము చేయబడినది. చట్టము చేయకమునుపే లేఖనము ఆ బాధ్యతను మనమీద పెట్టియుండగా, మనము చట్టముచేత తట్టబడవలసివచ్చుట సిగ్గుచేటు గాదా?

ఆడబిడ్డల సంగతియు అంతే. సెలోపెహాదు చనిపోయినప్పుడు అతని ఐదుగురు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి, కుమారుడు లేనంతమాత్రమున మా తండ్రి పేరు ఏల తీసివేయబడవలెనని అడిగిరి. వారి మాట న్యాయమేయని దేవుడు సెలవిచ్చెను (సంఖ్యాకాండము 27:1–7). కుమార్తె వాటా తండ్రి పేరును తగ్గించునది కాదు, నిలుపునది.

3. ప్రియ తండ్రి

యెహోయాకీము తండ్రి యోషీయా. ఆ తండ్రినిగూర్చి ప్రవక్త ఆ కుమారునితో పలికిన మాటయే ఈ పాఠమంతటికి నడుమస్తంభము. నీ తండ్రియు తిని త్రాగినవాడే గదా, అయినను అతడు నీతి న్యాయములు జరిగించెను, దీనులకు న్యాయము తీర్చెను, అప్పుడు అతనికి క్షేమము కలిగెను. నన్ను తెలిసికొనుట అనగా ఇదియే గదా అని దేవుడు అడుగుచున్నాడు (22:15,16). తండ్రికి గొప్ప సమాధి కట్టితివా అని దేవుడు అడుగలేదు. తండ్రి నడచిన త్రోవ ఏమాయెను అని అడిగెను. తండ్రి జ్ఞాపకము కుమారుని చేతులలో కనబడవలెనని దీని భావము.

మన నందిగామ ప్రాంతమునందే ఇట్టి తండ్రి యొకడుండెను. రాఘవాపురము మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్యగారిని మన పెద్దలు మరువరాదు. విగ్రహములయందు తృప్తి లేక, నిజమైన దేవుడెవరో తనకు కనబరచుకొనుమని ఆయన సంవత్సరములతరబడి ప్రార్థించెను. తుదకు బెజవాడలోనుండిన చర్చి మిషనరీ సొసైటీ మిషనరీ డార్లింగుదొరగారియొద్ద సువార్త విని, తాను వెదకినవాడు ఈయనేయని గుర్తించెను. 1859లో రాఘవాపురమున బాప్తిస్మములు జరిగెను. దొరికిన వెలుగును ఆయన తన గుండెలోనే దాచుకొనలేదు. తన వారికి చెప్పెను, తన పల్లెకు చెప్పెను, చుట్టుపట్ల పల్లెలకు చెప్పెను. కృష్ణా మెట్టలో నేడున్న అనేక సంఘములకు ఆరంభము అక్కడనే. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రియే ఇంటివారందరితో కూడ ప్రభువునొద్దకు వచ్చినట్లు (అపో. కార్యములు 16:31–34), ఒక ఇంటి పెద్ద తిరిగినప్పుడు ఇల్లు తిరుగును, ఇల్లు తిరిగినప్పుడు ఊరు కదలును.

మేస్త్రిగారు పెద్దగా చదువుకొనినవాడు కాడు. రాత్రి భోజనమైన తరువాత కూతురు బైబిలు చదువగా, తాను గోడకు చేరగిలబడి వినెడివాడు. ఒక్కొక్కనాడు అలసటచేత నిద్రపోయెడివాడని కూతురు మాతో నవ్వుచు చెప్పెను. "అయినా చదవడం మానితే లేచేవాడు" అని కూడ చెప్పెను. ఆ గోడయొద్దనే ఇప్పుడు క్రొత్త నడుమగోడ లేచుచుండెను.

4. జ్ఞాపకము చేసికొనుట అనగానేమి?

నాలుగవ సాయంకాలము మేము మార్కు సువార్త తీసితిమి. ప్రభువు దినములలో కొందరు తల్లిదండ్రులకు ఉపయోగపడవలసిన దానిని ఇది కొర్బాను, దేవునికి అర్పితము అని చెప్పి తప్పించుకొనుచుండిరి. అట్టి కానుకచేత వారు దేవుని ఆజ్ఞను కొట్టివేయుచున్నారని ప్రభువు గద్దించెను (7:9–13). ఈ భాగము చదువుచుండగా మా గొంతు తడబడెను. ఎందుకనగా గుడికి మైకు సెట్టు వచ్చునని సంతోషించిన దినమున, ఆ డబ్బు ఎవరి మందులనుండి మిగిలినదో మేము అడుగలేదు. కాబట్టి ఆ కానుకను ఇప్పుడు తీసికొనలేమని ఆ కుమారులతో చెప్పితిమి. గుడిలో మైకు లేకున్నను దేవుడు వినును. మంచము వసారాలో నున్నదని ఆయన చూచును.

పౌలు తిమోతికి వ్రాయుచు, విధవరాలికి పిల్లలైనను మనుమలైనను ఉన్నయెడల, వారు భక్తిని మొదట తమ యింటనే నేర్చుకొని, పెంచినవారి ఋణము తీర్చవలెనని చెప్పెను (1 తిమోతి 5:4). ఇంటివారిని చూడనివాడు విశ్వాసమును విడిచినవాడనియు వ్రాసెను (5:8). ఇంత కఠినమైన మాట ఆ పత్రికలో అరుదు.

అన్నిటికంటె గొప్ప మాదిరి సిలువయొద్ద ఉన్నది. మన ప్రభువు వడ్లవాని యింట పెరిగినవాడు, తానును వడ్లపని చేసినవాడు (మత్తయి 13:55, మార్కు 6:3). ప్రభువు పరిచర్య చేయుచున్న కాలమున యోసేపు ఎక్కడను కనబడడు. తల్లి సిలువయొద్ద నిలిచియున్నది. చేతులకు మేకులు దిగియున్న ఆ గడియలో, లోకమంతటి పాపభారము మోయుచు, ఆయన తన తల్లి ఇకమీదట ఎవరి యింట ఉండునో ఏర్పాటు చేసెను. ఆ గడియనుండియే శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను (యోహాను 19:26,27). వంతులవారీగా కాదు. లోకమును రక్షించు పనిలోనున్నవానికి తల్లిని తలంచుటకు తీరికయుండగా, మనకు లేదని ఎట్లు చెప్పగలము?

కాబట్టి మనము నేర్చుకొనవలసిన దొక్కటే. ఇల్లు కట్టినవాని జ్ఞాపకము సమాధియొద్ద ఉండదు. అతడు ఏ కప్పు వేసెనో ఆ కప్పు క్రింద, అతడు ప్రేమించినవారు ఎట్లున్నారో అందులో ఉండును.

తాపీపని తెలిసినవారికి ఒక సంగతి తెలియును. మన జగ్గయ్యపేటచుట్టు సున్నపురాయి త్రవ్వి సిమెంటు చేయుదురు. మూటలు మూటలుగా లోకమంతటికి పంపుదురు. కాని సిమెంటు పోసినంతమాత్రమున గట్టిపడదు. ఎండిపోనీయక దినదినము నీళ్లు పట్టవలెను. తక్కువలో తక్కువ ఏడు దినములు. దాని బలము చూచుటకు 28 దినములు ఆగుదురు. స్లాబు పోసి మేస్త్రి వెళ్లిపోవును. నీళ్లు పట్టవలసినవారు ఇంటివారే. వారు మానినయెడల ఎంత మంచి మేస్త్రి పోసినను నెఱ్ఱెలు పారును. అప్పుడు ఊరు మేస్త్రిని నిందించును! తండ్రి తన పని ముగించి వెళ్లెను. ఇక నీళ్లు పట్టుట బిడ్డల వంతు. వంతు అను మాటకు సరియైన చోటు ఇదియే.

ఆ యింటి సంగతి

అటుతరువాత ఏమి జరిగెనని చదువరులు అడుగుదురు. సమస్తము చక్కబడెనని వ్రాసిన అబద్ధమగును. అన్నదమ్ముల లెక్కలు ఇంకను తేలలేదు. కూతురి వాటానుగూర్చి మాటలు జరుగుచున్నవి. వాటికి మేమును ఇద్దరు సంఘపెద్దలును కూర్చుండుచున్నాము. కాని నడుమగోడ పని ఆగినది. పండుగకు ముందు శనివారమున పెద్దకుమారుడు తానే తాపీ పట్టుకొని, తండ్రి పండుకొనెడి గదికి సున్నము వేయించి, తల్లి రేకు పెట్టెను తన తలమీద పెట్టుకొని తెచ్చెను. ఆమె ఇప్పుడు తన యింటనే ఉన్నది. చిన్నకోడలు కూర పంపును, పెద్దకోడలు మందులు చూచును. రాత్రి మనుమరాలు బైబిలు చదువుచున్నది. ఆ గోడకు ఇప్పుడు ఆమె చేరగిలబడుచున్నది.

రాయి ఇంకను నిలుపలేదు. ఆమెను అడిగితిమి: "అమ్మా, రాతిమీద ఏమి వ్రాయమందువు?" ఆమె కొంచెము సేపాలోచించి, "పేరు చాలయ్యగారూ. మిగతాది పిల్లల్ని చూసి చదువుకుంటారు" అనెను. మా నాలుగు సాయంకాలముల పాఠమును ఆమె ఒక్క మాటలో ముగించినది.

విశ్వాసులమగు మనకు మరియొక నిరీక్షణ కలదు. మంచి మేస్త్రియు తాను కట్టిన ఇండ్లన్నిటిని విడిచి పోవలసినదే. అబ్రాహాము డేరాలో నివసించుచు, దేవుడే శిల్పియు నిర్మాతయునైన పట్టణముకొరకు ఎదురుచూచెను (హెబ్రీయులకు 11:9,10). ఆ పట్టణపు పునాదులకు రేగడి తగులదు. అక్కడ ఎవరికిని నెలకొక ఇల్లు ఉండదు. తండ్రి యింటిలో చోటు సిద్ధపరచ వెళ్లుచున్నానని చెప్పినవాడు మాట తప్పడు (యోహాను 14:2,3). ఆ నిరీక్షణ గలవారము గనుక ఈ లోకపు ఇంటిలో తల్లికి చోటు చూపుట మనకు భారము కాకూడదు.

కుటుంబ కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన యింటికి దేవుడు చెప్పిన పిట్టగోడ ఉన్నదా? మన యింటిలో పడిపోవుటకు సిద్ధముగానున్న బలహీనుడెవరు?

2. చనిపోయిన మన పెద్దలకొరకు మనము చేయు ఖర్చులో, బ్రదికియున్న పెద్దలకు తగ్గించినదేమైన ఉన్నదా?

3. వీలునామానుగూర్చియు, భార్యకును ఆడబిడ్డలకును చెందవలసిన వాటానుగూర్చియు మనము బ్రదికియుండగనే ఇంటివారితో మాటలాడితిమా?

4. మన తండ్రులు జరిగించిన ఏ మంచిపని మన తరములో ఆగిపోయినది? దానిని ఈ నెలలో మరల మొదలుపెట్టుట ఎట్లు?

5. సంఘముగా మనము విధవరాండ్రను భూస్థాపన దినము తరువాత ఎన్నిసార్లు దర్శించుచున్నాము?

ప్రార్థన

తండ్రీ, మాకు ఇండ్లు కట్టి, అన్నముపెట్టి, నీ నామము నేర్పి వెళ్లిన మా పెద్దలకొరకు నీకు స్తోత్రము. వారిని నోటితో పొగడి చేతులతో మరచిన మా పాపమును క్షమించుము. సేవకులమగు మేము గోతియొద్ద ఎక్కువగా మాటలాడి, గడపయొద్ద తక్కువగా నిలిచిన తప్పును క్షమించుము. మా యిండ్లలోనున్న తల్లులను, విధవరాండ్రను, అనాథలను నీవు చూచుచున్నట్లు మేమును చూచునట్లు మా కన్నులు తెరువుము. అన్నదమ్ముల నడుమ లేచుచున్న గోడలను ఆపుము. నీవు కట్టని ఇల్లు నిలువదని ఎరిగి, మా యిండ్లను నీ చేతికప్పగించుచున్నాము. సిలువమీద తల్లిని మరువని యేసుక్రీస్తు ప్రభువుద్వారా వేడుకొనుచున్నాము. ఆమేన్.